పచ్చరంగు చెప్పిందంటే తిరుగులేదు

పొట్టి స్ప్రింగులు వేయించి కారును కిందికి దించుకున్న నాలాంటి వాళ్లం అలైన్‌మెంట్‌ను, అంటే చక్రాల కోణాలు సరిచేయించడాన్ని, అసలు పట్టించుకోం అని లోకంలో ఒక అపవాదు ఉంది. పచ్చి అబద్ధం. నేను దగ్గరుండి చేయించాను. మెషీన్ తెర మీద అంకెలన్నీ పచ్చరంగులోకి, అంటే కంపెనీ హద్దుల్లోకి, తిరిగేదాకా కదల్లేదు. ఆ ప్రింటవుట్ ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలో భద్రంగా ఉంది. ఎవరడిగినా చూపిస్తాను. టైర్లు మాత్రం చూపించమనకండి.

పచ్చరంగుది చాలా పెద్ద మనసు. ఎడమ చక్రం హద్దుకు ఈ కొసన, కుడి చక్రం ఆ కొసన ఉన్నా దానికి ఇద్దరూ సమానమే. పైగా ఆ హద్దులు కంపెనీవాళ్లు కారు మామూలు ఎత్తులో ఉంటుందనుకుని రాసినవి. నాది 40 మిల్లీమీటర్లు దిగింది. అయితే ఏం? ఆ సంగతి మెషీన్‌కు తెలియదు, నేను చెప్పలేదు.

అలైన్‌మెంట్ చేసే కుర్రాడికి మాత్రం అనుమానాలెక్కువ. ‘సార్, టైర్లలో గాలి చూసుకున్నారా? కొత్త స్ప్రింగులు కదా, నాలుగు రోజులు తిప్పి కుదురుకున్నాక తెచ్చారా? బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగుల) బోల్టులు చక్రాలు నేల మీద ఉండగా బిగించారా, గాల్లో వేలాడుతుండగానా?’ గాల్లో బిగిస్తే, కారు కిందికి దిగగానే లోపలి రబ్బరు మెలిపడి ఉండిపోతుందట, తొందరగా చిరుగుతుందట. నేనొచ్చింది అలైన్‌మెంట్‌కా, ఇంటర్వ్యూకా?

ఇక క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా కాక పక్కకు వాలి ఉండటం. కారు దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. టైరు లోపలి అంచు అరిగిందంటే అందరూ దాన్నే తిడతారు. పాపం, కంటికి కనిపిస్తుంది కదా! అసలు దొంగ టో, అంటే పైనుంచి చూస్తే చక్రం తిన్నగా కాక లోపలికో బయటికో తిరిగి ఉండటం. కారు దిగగానే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం మారి, చక్రాలు కొన్ని కార్లలో లోపలికి, కొన్నిట్లో బయటికి తిరుగుతాయి. ఈ కోణాన్ని కొలిచేది నిమిషాల్లో, డిగ్రీకి 60 నిమిషాలు. ఒక్కో చక్రం 20 నిమిషాలు పక్కకు తిరిగి ఉందనుకోండి, కిలోమీటరుకు దాదాపు 6 మీటర్లు ఆ టైరును పక్కకు ఈడ్చినట్టే. అంటే నేను ఊరికే డ్రైవ్ చేయడం లేదు, రోడ్డును చిత్రిక పడుతున్నాను. నమ్మకపోతే టైరు మీద అడ్డంగా అరచేయి పెట్టి రాయండి. ఇటు నుంచి నున్నగా ఉంటుంది, అటు నుంచి రంపం పళ్లు.

దీనికీ వైద్యం చేయించాను. క్యాంబర్ బోల్టులు తెప్పించి, టో సెట్ చేయడం అయిపోయాక, ‘చివర్లో ఆ క్యాంబర్ కూడా కాస్త సరిచేసెయ్ బాబూ’ అన్నాను. క్యాంబర్ కదిపితే టో కూడా కదులుతుందనీ, అందుకే టో ఎప్పుడూ ఆఖర్న చూడాలనీ అతను చెప్పబోయాడు. నేను వినిపించుకోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అన్నట్టు, పని వెనక చక్రాల నుంచి మొదలుపెట్టాలట. వెనకవి పక్కకు చూస్తుంటే ముందువి ఎంత సరిచేసినా కారు పీతలా నడుస్తుందట, తిన్నగా పోవాలంటే స్టీరింగ్ వంకరగా పట్టుకోవాలట. నా కారుకి వెనక ఉన్నది రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం లాంటి బీమ్ యాక్సిల్, తిప్పడానికి అక్కడ బోల్టే లేదు. షిమ్‌లు అనే సన్నని రేకులు పెట్టి సర్దొచ్చన్నారు. అంత తతంగం ఎవరు పడతారు? స్టీరింగ్ చక్రాన్నే ఊడదీయించి తిన్నగా బిగించుకున్నాను. ఇప్పుడు చూడ్డానికి అంతా సవ్యంగా ఉంది.

నిన్న టైరు లోపలి అంచున తీగలు బయటపడ్డాయి. టైరు కంపెనీకి ఘాటుగా ఒక ఉత్తరం రాశాను, ఇంత నాసిరకం రబ్బరు నా జన్మలో చూడలేదని. కింద ‘జతపరచినవి’ అని రాసి ప్రింటవుట్ నకలు పెట్టాను, కలర్‌లో తీయించి మరీ.