ఆల్కహాల్ ఉంది కదా అని బకెట్ సరిగ్గా కడగకపోతే

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునే మన తెలుగువాళ్ల మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: బీరు పాత్రల్లో క్రిముల్ని చంపే శానిటైజర్లు కంపెనీల వ్యాపారం, బీరులోని ఆల్కహాలే క్రిముల్ని చంపుతుంది, గిన్నెల సబ్బుతో కడిగితే చాలు, మరీ భయమైతే కాస్త బ్లీచ్ వేయండి, మన తాతలు కల్లు లొట్టికి ఏ మందూ పూయలేదు. దీన్ని నమ్మి, వారాల తరబడి ఎదురుచూసిన బీరును సింకులో పారబోసినవాళ్లు నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను. (1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో అక్కడ ఇంటి అవసరానికి బీరు చేసుకోవడానికి ఫెడరల్ అనుమతి వచ్చింది. మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కాబట్టి ఇక్కడివాళ్లు ప్రయోగాలు చేయకండి.)

మొదట ఆల్కహాల్ సంగతి. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కషాయాన్ని మరిగించి, చల్లార్చి, బకెట్‌లో పోసి, దాన్ని పులియబెట్టే ఈస్టు వేసిన రోజున అందులో ఆల్కహాల్ చుక్క కూడా ఉండదు. ఉన్నదంతా గోరువెచ్చని తీపి నీళ్లు. ఈస్టు పుంజుకోవడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆలోగా బకెట్ అంచున ఉన్న బ్యాక్టీరియా పని మొదలుపెట్టేస్తుంది. పోనీ, బీరు తయారయ్యాక? అప్పుడు ఉండేది సాధారణంగా ఐదు శాతం ఆల్కహాల్. చేతులకు రాసుకునే శానిటైజర్‌లోనే కనీసం అరవై శాతం ఉండాలి. లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ లాంటి బ్యాక్టీరియాలు ఐదు శాతంలో హాయిగా బతికి పులుపు, వెన్న వాసన తెస్తాయి. అసిటోబాక్టర్‌కైతే ఆల్కహాలే ఆహారం, గాలి తగిలితే చాలు, దాన్ని వెనిగర్ చేసేస్తుంది. 1856లో ఫ్రాన్స్‌లోని లిల్ పట్టణంలో బీట్‌రూట్ రసంతో ఆల్కహాల్ చేసే తొట్లు చెడిపోతుంటే శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ మైక్రోస్కోప్‌లో చూశాడు. మంచి తొట్లలో గుండ్రటి ఈస్టు కణాలు, చెడిన వాటిలో సన్నటి కడ్డీల్లాంటి క్రిములు కనిపించాయి.

ఈ మెసేజ్‌లో ఒక నిజం లేకపోలేదు. మరిగించడం, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు), పులుపు, ఆల్కహాల్ అన్నీ కలిసి రోగాలు తెచ్చే క్రిముల్ని బీరులో బతకనివ్వవు. చెడిపోయిన బీరు తాగితే సాధారణంగా జబ్బు చేయదు. కానీ జబ్బు చేయకపోవడం వేరు, రుచిగా ఉండటం వేరు.

ఇక సబ్బు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. కడగడం అంటే మురికి పోగొట్టడం, శానిటైజ్ చేయడం అంటే క్రిముల్ని చంపడం. రెండూ వేర్వేరు పనులు. మురికి పోకుండా శానిటైజర్ పోస్తే, ఆ పొర కింద క్రిములు భద్రంగా ఉంటాయి. నా బీరు రెండుసార్లు వరసగా పుల్లబడింది. సీసా మూత తీస్తే నురగ గోడదాకా చిమ్మేది. బకెట్ లోపల అద్దంలా మెరుస్తోంది, ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కాలేదు. చివరికి అడుగున ఉన్న ప్లాస్టిక్ కుళాయి విప్పి చూశాను. మర చుట్టూ, వాషర్ వెనక, వేలికి జిగురుగా అంటుకునే గోధుమరంగు పాచి. అన్నాళ్లూ తయారైన బీరంతా దాని మీదుగానే సీసాల్లోకి వెళ్లింది. అప్పటినుంచి ప్రతిసారీ కుళాయి విప్పుతాను. సోడియం పెర్కార్బొనేట్ ఉన్న క్లీనర్‌ను వేడినీళ్లలో కలిపి నానబెట్టి, బాగా కడిగాకే శానిటైజర్ జోలికి వెళ్తాను. గిన్నెల సబ్బు వాసన ప్లాస్టిక్‌కు పట్టేస్తుంది, దాని జిడ్డు బీరు నురగను నిలవనివ్వదు. గరుకు స్క్రబ్బర్ అసలే వద్దు. ఆ గీతల్లోనే క్రిములు కాపురం పెడతాయి.

బ్లీచ్ క్రిముల్ని చంపుతుంది, కాదనను. కానీ సరిగ్గా కడగకపోతే మిగిలిన క్లోరిన్ బీరులోని ఫినాల్స్ అనే రసాయనాలతో కలిసి క్లోరోఫినాల్స్ అవుతుంది. డెటాల్‌లో ఉండేదీ ఆ కుటుంబానికి చెందిన రసాయనమే కాబట్టి వాసన ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములున్నా నాలుకకు తెలిసిపోతుంది. పోనీ బాగా కడుగుదామంటే, కుళాయి నీళ్లతో కొత్త క్రిములు రావచ్చు. ఇంకో ముఖ్యమైన విషయం: బ్లీచ్‌ను యాసిడ్ శానిటైజర్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

కంపెనీల వ్యాపారం అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. స్టార్ శాన్ అనే యాసిడ్ శానిటైజర్ ఐదు గ్యాలన్ల నీళ్లకు ఒక్క ఔన్సు చాలు. ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంచి వంపేయాలి, మళ్లీ కడగక్కర్లేదు. మిగిలిన నురగ చూసి టెన్షన్ పడొద్దు, అది బీరును పాడుచేయదు.

చివరిగా తాతల మాట. లొట్టికి ఏమీ పూయలేదన్నది నిజం కాదు. నీరా పులియకుండా ఉండాలంటే లొట్టి లోపల సున్నం పూసి చెట్టుకు కడతారు. క్రిముల్ని ఆపడానికే ఆ సున్నం. కల్లుకు పూయకపోవడానికి కారణం, అది గాలిలోని ఈస్టుతో, బ్యాక్టీరియాతో పులియాలనే. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి ఘాటెక్కి, మర్నాటికి పుల్లబడుతుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే తాగేస్తారు. మన బీరు సీసాలో నెలల తరబడి ఉండాలి. పోల్చాలంటే ఆవకాయతో పోల్చండి. మా అమ్మ జాడీని కడిగి, రోజంతా ఎండలో బోర్లించి, పొడిగుడ్డతో తుడిచాక గానీ కారం కలిపేది కాదు. తడిచెయ్యి పెడితే ఊరుకునేదీ కాదు.