సవరణ: జర్మనీలో ఆఖరి అప్పీలు ఎక్కడ?

జర్మనీ న్యాయవ్యవస్థపై గతంలో రాసినప్పుడు, కార్ల్స్‌రూహేలోని రాజ్యాంగ న్యాయస్థానాన్ని మన సుప్రీంకోర్టులాగే అన్ని అప్పీళ్లకూ ఆఖరి మెట్టుగా పేర్కొన్నాను, అది పొరపాటు. అక్కడి రాజ్యాంగంలోని 95వ అధికరణం ఐదు వేర్వేరు అత్యున్నత న్యాయస్థానాలను నిర్దేశించింది. సివిల్, క్రిమినల్ వ్యాజ్యాలకు చెందినది కూడా కార్ల్స్‌రూహేలోనే ఉండడం వల్ల నేను తికమకపడ్డాను. పరిపాలనా వివాదాలది లైప్‌జిగ్‌లో, పన్నులది మ్యూనిక్‌లో, సామాజిక భద్రతది కాసెల్‌లో, కార్మిక వివాదాలది ఎర్‌ఫుర్ట్‌లో ఉన్నాయి. ఉద్యోగం పోయిన కార్మికుడి దావా స్థానిక కార్మిక న్యాయస్థానంలో మొదలై, రాష్ట్ర స్థాయి దాటాక, అప్పీలుకు అనుమతి లభిస్తేనే ఎర్‌ఫుర్ట్‌కు చేరుతుంది. ఆ తీర్పుపైనా ఫిర్యాదు అందితే, రాజ్యాంగ న్యాయస్థానం కేసును మళ్లీ మొదటినుంచి విచారించదు. ప్రాథమిక హక్కులకు భంగం కలిగిందా లేదా అన్నంతవరకే పరిశీలిస్తుంది.