బెయిర్డ్ ఓడిపోయిన మూడు నెలలు

టెలివిజన్‌ను కనిపెట్టినదెవరంటే మన జనరల్ నాలెడ్జ్ పుస్తకాలన్నీ జాన్ లోగీ బెయిర్డ్ పేరే చెబుతాయి. 1926 జనవరి 26న లండన్‌లోని ఫ్రిత్ వీధిలో, ఒక మేడగదిలో, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులకు ఆయన కదిలే ముఖాన్ని 30 గీతలుగా విడగొట్టిన బొమ్మగా చూపించిన మాట నిజమే. కానీ ఆ తర్వాత ఇళ్లలోకి వచ్చిన టెలివిజన్ ఆ గదిలోని యంత్రానికి వారసురాలు కాదు. దాని దారిని నిర్ణయించింది 1936 నవంబరు 2 నుంచి మరుసటి జనవరి చివరి వరకు లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ భవనంలో బీబీసీ నడిపిన పోటీ. అందులో ఓడినది బెయిర్డే.

టెలివిజన్ ప్రసారాలపై బ్రిటన్ ప్రభుత్వం వేసిన సెల్స్‌డన్ కమిటీ 1935లో చేసిన సిఫారసు మేరకు బెయిర్డ్ కంపెనీ 240 గీతల పద్ధతినీ, మార్కోనీ-ఈఎంఐ కంపెనీ 405 గీతల పద్ధతినీ ఒకే కేంద్రం నుంచి వారం విడిచి వారం ప్రసారం చేశారు. రెంటి మధ్య అసలు తేడా గీతల లెక్కలో కంటే కెమెరాలో ఉంది. బెయిర్డ్ స్టూడియోలో దృశ్యాన్ని ముందు సినిమా ఫిల్మ్ మీద తీసేవారు. ఆ ఫిల్మ్ కెమెరా నుంచి నేరుగా రసాయనాల తొట్టెల్లోకి దిగి, అక్కడే డెవలప్ అయి, ఇంకా తడిగా ఉండగానే స్కానింగ్‌కు, అంటే బొమ్మను గీత తర్వాత గీతగా చదివి విద్యుత్ సంకేతంగా మార్చడానికి, వెళ్లేది. ఇదంతా జరగడానికి దాదాపు ఒక నిమిషం పట్టేది. ఇంత సరంజామాకు కట్టేసిన కెమెరా ఉన్నచోటి నుంచి కదిలే వీలే లేదు.

బెయిర్డ్ వాడిన, తిరిగే చక్రంతో దృశ్యాన్ని స్కాన్ చేసే పద్ధతిలో ఒక్కో బిందువు నుంచి కాంతి అందేది క్షణంలో అతి చిన్న భాగం మాత్రమే. గీతలు పెరిగేకొద్దీ ఆ భాగం ఇంకా తగ్గిపోతుంది కాబట్టి, ప్రత్యక్ష దృశ్యాన్ని వదిలి ఫిల్మ్‌ను ఆశ్రయించక తప్పలేదు. మార్కోనీ-ఈఎంఐలో ఐజాక్ షోన్‌బర్గ్ బృందం తయారుచేసిన ఎమిట్రాన్ కెమెరాలో మాత్రం కాంతి పడిన ప్రతి బిందువూ ఒక స్కానింగ్‌కూ మరో స్కానింగ్‌కూ మధ్య విద్యుదావేశాన్ని కూడబెట్టుకుంటూనే ఉంటుంది. దృశ్యాన్ని పంపే చోటా అందుకునే చోటా ఎలక్ట్రాన్ కిరణమే వాడాలని స్కాట్లండ్ ఇంజినీరు క్యాంప్‌బెల్ స్వింటన్ 1908లోనే ‘నేచర్’ పత్రికకు రాశారు. ఆ ఊహను అమలు చేయదగిన కెమెరా రావడానికి పాతికేళ్లు పట్టింది.

పోటీ మధ్యలో, నవంబరు 30న, లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో బెయిర్డ్ కంపెనీ ప్రయోగశాలలు చాలావరకు కాలిపోయాయి. అది పెద్ద నష్టమే. అయినా ఓటమిని ఆ మంటల ఖాతాలో వేయడం సరికాదని నా అభిప్రాయం. అలెగ్జాండ్రా ప్యాలెస్‌లోని పరికరాలకు ఏమీ కాలేదు. లోపం పద్ధతిలోనే ఉంది. బీబీసీ చేసిన మేలేమిటంటే, పేరుప్రతిష్ఠలనూ పేటెంట్లనూ బట్టి కాక, రోజువారీ ప్రసారంలో రెంటినీ పక్కపక్కన నడిపి చూసి తేల్చుకోవడం. 1937 ఫిబ్రవరిలో మార్కోనీ-ఈఎంఐకి అనుకూలంగా నిర్ణయం వెలువడింది. మే 12న ఆరవ జార్జి పట్టాభిషేక ఊరేగింపును హైడ్ పార్క్ కార్నర్ దగ్గర ఎమిట్రాన్ కెమెరాలు నేరుగా చూపించాయి. రసాయనాల తొట్టెలను విడిచి వెళ్లలేని కెమెరాతో ఆ ప్రసారం సాధ్యమయ్యేది కాదు. ఆనాడు గెలిచిన 405 గీతల ప్రమాణం బ్రిటన్‌లో 1985 జనవరి దాకా కొనసాగింది.