మహారాజశ్రీ ‘మనవాడి రేటు’ గారికి

విషయం: పాత అంబాసిడర్ కారుకు సాయంత్రాల్లో చేసే వెల్డింగు పనికి కూలి నిర్ణయించే అధికారం తమకు ఎవరు దఖలు పరిచారో తెలియగోరుట గురించి.

ఆర్యా,

పై విషయమై తమకు విన్నవించుకునేదేమనగా, నేను పగలు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో వెల్డరుగా పనిచేస్తూ, సాయంత్రం పూట ఇంటి వెనుక రేకుల పంచలో సొంత సీవోటూ మెషీనుతో (గ్యాసు వదులుతూ సన్నని వైరును కరిగించి రేకులను అతికించే వెల్డింగు యంత్రంతో) పాత కార్ల తుప్పు పనులు చేసిపెట్టే మనిషిని. షెడ్డులో నాకు రోజుకు ఇంత అని ఖరారైన కూలి ఉంది. దాన్ని చెల్లించే ముందు అక్కడ ఎవరూ నా చుట్టరికాలు విచారించరు. అదే చేయి, అదే మంట ఇంటి పంచలోకి రాగానే, తెలిసినవాడినన్న పేరుతో కూలి తగ్గించే తమరు విచ్చేస్తారు. తమ మొదటి మాట ‘నువ్వు మనవాడివి’, రెండో మాట ‘చిన్న టాకా వేస్తే అయిపోయే పని’. మూడో మాట డబ్బు గురించి ఉండాలి గాని, సరిగ్గా ఆ సమయానికి ఎప్పుడూ టీ వచ్చేస్తుంది.

ఇటీవల తమ సిఫారసుతో నా పంచకు చేరిన 1968 నాటి అంబాసిడర్ సంగతే తీసుకుందాం. ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం 2014లో ఈ కారు తయారీని ఆపేసింది కనుక, జనానికి దీని మీద ఇప్పుడున్న ప్రేమ, ఇది షోరూముల్లో కొత్తగా దొరికిన చివరి రోజుల్లో ఉన్న ప్రేమకన్నా చాలా ఎక్కువ. 2017లో ఫ్రాన్సుకు చెందిన పెజో సంస్థ దీని పేరును, అంటే ఇందులో తుప్పు పట్టడానికి వీల్లేని ఒకే ఒక్క భాగాన్ని, 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరుకే అంత పలికినప్పుడు, ఆ పేరు మోసే కారుకు కింద నేల వేసిపెట్టేవాడికి కూడా ఎంతో కొంత ధర ఉండి తీరుతుందని తమకు తోచకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

కారు యజమాని గారు చూపించినది డ్రైవరు కాళ్ళ దగ్గర రూపాయి బిళ్ళంత కన్నం. సీటు విప్పి, మ్యాటు ఎత్తి, దాని కింద అట్టకట్టిన తారు పూతను గోకేసరికి అది అరచేయంత అయింది. తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టె దూలం మీద అయస్కాంతం పెడితే అంటుకోలేదు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఇనుము కాదు, రంగేసిన లప్పం. ఆ లప్పాన్ని రాలగొడితే, ఇంతకు మునుపు ఎవరో తుప్పును కోసి తీసేయకుండా దాని మీదే మందపాటి రేకు వేసి, కరెంటు వెల్డింగుతో అతికించి వెళ్ళిన ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఆ పనివాడి మీద నాకు కోపం లేదు. అది ఎవరి చేతిపనో నాకు తెలియదు గాని, ఎవరి రేటుకు జరిగిన పనో చూడగానే గుర్తుపట్టాను. తమరు ఇచ్చే కూలికి న్యాయంగా అంతే పని వస్తుంది.

తమ లెక్కలో ఉన్న అసలు లోపాన్ని ఇక్కడ మనవి చేసుకోవాలి. తమరు నిప్పురవ్వలు కనిపించిన నిమిషాలకు మాత్రమే కూలి కడతారు. ఈ పనిలో మంట వెలిగే సమయం అతి తక్కువ. మిగిలినదంతా చూసేవాడికి పనిలా కనిపించని పని. ఈ కారుకు లారీలాగా విడిగా చాసిస్, అంటే కింద బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి ఆ పెట్టె దూలాన్ని కోయడానికి ముందు తలుపుల సందుల్లో అడ్డ కడ్డీలు బిగించి, కొలతలు రాసుకోవాలి. లేకపోతే పని ముగిసేసరికి తలుపులు మూసుకోవు. ఆ తరువాత మంచి ఇనుము తగిలేదాకా కోసుకుంటూ పోవాలి. అట్ట ముక్కతో నమూనా కత్తిరించి, దాని ప్రకారం రేకు కోసి, అసలు నేలకు ఉన్న గాడులూ వంపులూ దీనికీ వచ్చేలా సుత్తితో కొట్టి, పెట్టి చూసి, తీసి, మళ్ళీ కొట్టి, చివరికి క్లాంపులతో బిగించాలి. ఇంత అయ్యాక గాని మెషీను ఆన్ చేసే అర్హత రాదు. ఆన్ చేశాక కూడా, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండే రేకు మీద ఏకబిగిన గీత లాగితే అది వేడికి అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకని ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క పెట్టి, చల్లారేదాకా ఆగాలి. నేను ఆ ఆగిన సమయంలోనే యజమాని గారు పంచలోకి తొంగిచూసి, ‘ఖాళీగా ఉన్నట్టున్నావు, ఆ గేటు కీలు కూడా ఓ చూపు చూడరాదా’ అన్నారు. అది తమ తరఫున అన్న మాటేనని నేను గ్రహించాను.

మంటకు ముందు బ్యాటరీ కనెక్షను తీయడం, వెనుక ఉన్న పెట్రోలు ట్యాంకును దించి దూరంగా పెట్టడం కూడా తమ పద్దులో లేవు. ట్యాంకు ఖాళీగానే ఉందని తమరు అభయమిచ్చారు. ఖాళీ ట్యాంకులో నిండి ఉండే పెట్రోలు ఆవిరే ఎక్కువ ప్రమాదమని తమకు ఎవరైనా చెబితే బాగుండును. కారు కింద పడుకుని తలపైకి వెల్డింగు చేసేటప్పుడు రవ్వలు మెడలోకీ చెవిలోకీ రాలుతాయి. పొరపాటున కంటికి తగిలిన వెలుగు అప్పుడేమీ చెప్పక, అర్ధరాత్రి వేళ రెప్పల కింద ఇసుక పోసినట్టు బాధపెడుతుంది. పని ఆపిన తరువాత ఏ మూలనైనా పాత దూది రాజుకుంటుందేమోనని గంటసేపు అక్కడే కాపలా కూర్చోవాలి. గ్యాసు సిలిండరు బాడుగ, వైరు చుట్ట, గ్రైండింగు చక్రాలు, నా మీటరు మీద తిరిగే కరెంటు వేరు. మనవాడినైనందుకు గ్యాసువాడు నాకు సగం ధరకు ఇవ్వడు. తమరు అతని దగ్గరకు ఎందుకు వెళ్ళరో నాకు ఇప్పటికీ అంతుచిక్కదు.

ఫ్యాక్టరీలో పనిగంటలు దాటాక చేసిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షను చెప్పింది. తరువాత వచ్చిన కార్మిక కోడులు కూడా ఆ రెట్టింపును తగ్గించలేదు. నా పంచ ఫ్యాక్టరీ కాదు, ఆ చట్టం నాకు వర్తించదు, ఒప్పుకుంటాను. అయినా అలసిన ఒంటితో చేసే పని విలువ పెరుగుతుందని అది రాసినవారికి తోచగా, తగ్గుతుందని తమకు తోచడం గమనించదగినది.

తమరు అందరి దగ్గరా ఇలాగే ఉంటారనుకుంటే అది వేరు. ఇదే కారు బంపర్లకు క్రోమ్ పూత పూసినవారు చెప్పిన ధరను యజమాని గారు మారు మాట్లాడకుండా చెల్లించారు. యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ వాహనంగా కొత్తగా రిజిస్టరు చేయించడానికి 2021 నాటి కేంద్ర నిబంధనలు 20,000 రూపాయల రుసుము పెట్టాయి. ఆ కౌంటరు దగ్గర ‘మనవాళ్ళమే కదా’ అని ఆయన అడిగినట్టు నేను వినలేదు. అవే నిబంధనలు చాసిస్, బాడీ షెల్, ఇంజను మార్చకుండా బండి అసలు రూపంలోనే ఉండాలని కూడా అంటాయి. అంటే పాత వంపును పాత వంపులాగే తిరిగి తేగలిగినవాడి చేతిలో ఆ నెంబరు పలక భవిష్యత్తు ఉన్నదన్నమాట. క్రోమ్ పాత కార్ల ఊరేగింపులో కనిపిస్తుంది, నేల కనిపించదు; తమ ఆర్థిక శాస్త్రం మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నిలబడినట్టు నా అనుమానం.

యజమానుల భయం నాకు తెలియనిది కాదు. గంటల లెక్కన ఒప్పుకుంటే పనివాడు సాగదీస్తాడేమోనని వారు జంకుతారు, అలా సాగదీసేవారూ ఉన్నారు. మొత్తం పనికి ఇంత అని ముందే చెప్పమంటే, లప్పం కింద ఏముందో తెలియకుండా చెప్పే ఏ అంకె అయినా ఇద్దరిలో ఒకరిని ముంచుతుంది. అందుచేత నేను కోరేది సులువైనది: గోకి, విప్పి చూడడానికి ఒక కూలి, చూశాక, ఎంత కోయాలో సుద్దముక్కతో గీసి, ఫోటో తీసి, అప్పుడు గంటకు ఇంత అని ఒక మాట, దానికి ఒక గరిష్ఠ పరిమితి, సామాను ఖర్చు రసీదుల ప్రకారం విడిగా. గోకే పనిని యజమాని గారే చేసుకుంటానంటే ఆ కూలి మిగుల్చుకోవచ్చు. వైరు బ్రష్షు నేనే ఇస్తాను. నిజంగా లేనివారు వస్తే ఊరికే చేసిపెట్టిన సందర్భాలు నాకూ ఉన్నాయి. ఊరికే చేస్తాను గాని సగానికి చేయను, ఎందుకంటే ఊరికే చేసినప్పుడు అది నా ఇష్టం, సగానికి చేసినప్పుడు అది తమ ఇష్టం.

పై షరతులు తమకు సమ్మతం కాని పక్షంలో కారును నిరభ్యంతరంగా తీసుకుపోవచ్చును. అయితే నేల కోసి ఉన్నందువల్లను, ట్యాంకు దించి ఉన్నందువల్లను, దాన్ని నడుపుకుంటూ వెళ్ళడం కుదరదు. లారీ మీదికి ఎక్కించుకోవలసి ఉంటుంది. ఆ లారీవాడు మనవాడు అవునో కాదో ముందుగా కనుక్కుని మరీ రాగలరు.

ఇట్లు,
తమ ‘ఇంట్లో మనిషి’