రోహాన్ వంశం వారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా రోహాన్ దొరలూ,

"రాజును కాలేను, ప్రిన్స్‌గా ఉండటం నాకు తక్కువ, నేను రోహాన్‌ను" అనేది ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు పాత జమీందారీ వంశమైన మీ నినాదమని చదివి ముందు దండం పెట్టేశాను. తీరా చరిత్ర తిరగేస్తే, ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కాలం నుంచీ వెర్సాయ్ రాజభవనంలో మీ తాపత్రయమంతా మమ్మల్ని ప్రిన్సులుగా గుర్తించండి మహాప్రభో అనే! బ్రిటనీ పాలకుల రక్తం మాది, కొనాన్ మెరియాడెక్ మా మూలపురుషుడు (ఆయన పుట్టాడని చరిత్రకారులకే నమ్మకం లేదు) అంటూ అంత రభస చేసింది దేనికయ్యా అంటే, రాణిగారి ఎదుట మీ ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం. అదీ కుర్చీ కాదు, వీపు ఆన్చుకోడానికి కూడా లేని స్టూల్.

పౌరుషం మాత్రం తగ్గలేదు. 1726లో మీ షెవాలియే (అదొక బిరుదు) గారు మాట పట్టింపు వచ్చి రచయిత వోల్టేర్‌ను నౌకర్లతో కొట్టించి, తను బండిలో కూర్చుని చూశాడు. తన్నులు తిన్నవాడినే బాస్తీలు జైల్లో పెట్టారు, అక్కణ్ణుంచి ఆయన ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1757 నవంబరులో మీ సూబీజ్ ప్రిన్స్ గారు (నినాదం ఏమైనట్టో!) రోస్‌బాక్ దగ్గర తన బలగంలో దాదాపు సగమే ఉన్న ప్రష్యా రాజు ఫ్రెడరిక్ చేతిలో చిత్తుగా ఓడితే, మరుసటి ఏడాదే సైన్యంలో పెద్ద హోదా ఇచ్చి మార్షల్‌ను చేశారు. అదే 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు మన బొబ్బిలి కోట మీద పడ్డాయి, ఫ్రాన్స్ ప్రతాపమంతా అక్కడే ఖర్చయిపోయిందేమో.

1782లో మీ గెమెనె ప్రిన్స్ గారు చిట్టీల కంపెనీవాడు బోర్డు తిప్పేసినట్టు సుమారు 3 కోట్ల 30 లక్షల లీవ్రుల (అప్పటి ఫ్రాన్స్ డబ్బు) అప్పుతో చేతులెత్తేశాడు, నమ్మి డబ్బిచ్చిన చిన్నాచితకా జనం కూడా మునిగారు. ఇక మీ కార్డినల్ (చర్చిలో పెద్ద పదవి) గారి నెక్లెస్ కథ. 16 లక్షల లీవ్రుల వజ్రాల హారం రాణి కోసమని అప్పు మీద ఇప్పించాడు, సాక్ష్యంగా కాగితం మీద "మేరీ ఆంటోనెట్ ద ఫ్రాన్స్" అని మోసగాళ్ళు పెట్టిన రాణిగారి దొంగ సంతకం, ఈయన నమ్మేశాడు. రాణులు ఒట్టి పేరే రాస్తారు బాబూ! స్టూల్ ఎవరికి దక్కాలో ఏళ్ళ తరబడి వాదించిన ఇంట్లో పుట్టినవాడికి ఆపాటి తెలియకపోతే ఎలా? 1785 ఆగస్టు 15న వెర్సాయ్‌లోనే, పండుగ బట్టల్లోనే అరెస్టు చేశారు. మరుసటి ఏడు కోర్టు నిర్దోషి అని వదిలేసింది, పరువు మాత్రం పాపం రాణిగారిదే పోయింది.

1790 జూన్‌లో విప్లవం బిరుదులన్నీ ఎత్తేశాక మీలో కొందరు ఆస్ట్రియా చేరారు, అక్కడి చక్రవర్తి ప్రిన్స్ హోదా ఇస్తే వద్దనలేదు. బ్రిటనీలో జోస్లాన్ కోట మాత్రం ఇంకా మీ వాళ్ళదే, టికెట్ పెట్టి జనానికి చూపిస్తున్నారు. అది కష్టార్జితం కిందే లెక్క, దాని మీద నాకే కంప్లైంటూ లేదు.