మహారాజశ్రీ సిగరెట్టు గారికి, మీ మాజీ నేస్తం రాయునది

మహారాజశ్రీ సిగరెట్టు గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమమేనని వీధి చివర టీ కొట్టు ముందునుంచి నడిచిన ప్రతిసారీ నా ముక్కు చెబుతూనే ఉంది కాబట్టి ఆ మాట వేరే అడగడం లేదు. ఉభయకుశలోపరి.

మనం విడిపోయి నేటికి 43 రోజులు. 22 ఏళ్ల కాపురం. పెద్దమనుషుల పంచాయితీ లేదు, కోర్టు వాయిదాలు లేవు. ఒక ఆదివారం పొద్దున ప్యాకెట్లో మిగిలిన మూడింటినీ బాత్రూం బకెట్లో ముంచేశాను. (మూడోదాన్ని ముంచే ముందు కాస్త ఆలోచించాను. దాచను.) మీరు వెళ్లిపోతే ఏమవుతుందో అనుభవజ్ఞులు ముందే చెప్పారు: చిరాకు వస్తుంది, ఆకలి పెరుగుతుంది, నిద్ర పట్టదు. వచ్చింది, పెరిగింది, పట్టలేదు. ఆ పట్టని నిద్ర గురించే ఈ ఉత్తరం.

మొదటి రెండు వారాలూ రాత్రి రెండింటికి లేచి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే. గుండె మాత్రం ఊరేగింపులో డప్పులా మోగేది. అన్నం కలుపుతుంటే వేళ్లు వణికేవి. చివరికి మా ఆవిడే లేచి కూర్చుని, "ఏమండీ, ఒక్కటి కాల్చి పడుకోరాదూ, ఇద్దరం నిద్రపోతాం" అంది. 22 ఏళ్లు మిమ్మల్ని సవతి అని తిట్టిన మనిషి! ఇదంతా మీ ఉసురేనని, వదిలినా వదలని జాతి మీదని నమ్మి, డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆయన మీ గురించి ఒక్క ముక్క అడగలేదు. "రోజుకి కాఫీ, టీలు ఎన్ని?" అన్నారు.

"మామూలేనండీ. పొద్దున రెండు ఫిల్టరు కాఫీలు, ఆఫీసులో నాలుగు టీలు. ఇది మానేశాక ఆ ఖాళీలోకి ఇంకో రెండు."

కళ్లజోడు తీసి నవ్వారు. "మీకు పట్టుకున్నది సిగరెట్టు కాదండీ. కాఫీ."

విషయం ఏమిటంటే, కెఫీన్‌ను విరిచి బయటికి పంపే ఎంజైము ఒకటి కాలేయంలో ఉంటుందట. పేరు సీవైపీ1ఏ2. ఆర్టీఏ వాళ్లిచ్చిన బండి నంబరులా ఉంది గానీ పని మాత్రం బుద్ధిగా చేస్తుంది. మామూలు మనిషి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. పొగతాగేవాడి ఒంట్లో దాదాపు అందులో సగం సమయానికే ఆ పని అయిపోతుంది. కారణం తమరే. మీ పొగలో ఉండే తారు జాతి రసాయనాలు ఆ ఎంజైమును తట్టి లేపి, ఓవర్‌టైం చేయిస్తాయి. మీరు వెళ్లిన కొద్ది రోజులకే నా కాలేయం సర్కారు ఆఫీసు వేగానికి తిరిగొచ్చేసింది. గ్లాసులు అవే, డికాక్షను అదే, ఒంట్లో నిలిచే కెఫీన్ మాత్రం రెండింతలు. దానిమీద ఇంకో రెండు టీలు నేను స్వయంగా పోసుకున్నవి. నికోటిన్ గమ్ నమిలి మానేసినవాడికీ ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఎంజైమును లేపేది నికోటిన్ కాదు, పొగ.

అందువల్ల నా ఫిర్యాదు ఇదీ. పాలల్లో నీళ్లు కలుపుతున్నాడని నెలనెలా పాలవాడితో గొడవపడ్డవాణ్ని. చికోరీ ఎక్కువైందని కాఫీపొడి కొట్టువాణ్ని నిలదీసినవాణ్ని. మీరు నా కాలేయంలో తిష్ట వేసి, 22 ఏళ్లు నా కాఫీలో సగం ఎంగిలి చేస్తుంటే కనిపెట్టలేకపోయాను. జంటగా ఉంటేనే రుచి అని టీ కొట్టు దగ్గర మిమ్మల్నిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని నిలబడ్డానే, ఒక చేతిలోది ఇంకో చేతిలోదాన్ని దోచుకుంటోందని ఎవడికి తెలుసు?

ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడటం నాకప్పటినుంచే మొదలైంది.

కాఫీ చేసే పని మన పల్లె వెలుగు బస్సులో చూడొచ్చు. మనిషి మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది వచ్చి తన సీట్లో కూర్చుంటే మనకు నిద్రొస్తుంది. కెఫీన్ ఏం చేస్తుందంటే, బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసేస్తుంది. సీటు ఖాళీగానే ఉంటుంది, కూర్చోవడానికి మాత్రం లేదు. అడినోసిన్ పాపం కమ్మీ పట్టుకుని నిలబడుతుంది, వెనక ఇంకా జనం ఎక్కుతూనే ఉంటారు. నాలుగైదు గంటలకు కర్చీఫులు ఒక్కొక్కటే తొలిగాక, నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి మీద పడతారు. మధ్యాహ్నం మీటింగులో నా గడ్డం ఛాతీకి తగిలేది అందుకే. కాఫీ కొత్తగా ఓపిక ఇవ్వదు, అలసటను గుమ్మంలో నిలబెడుతుంది, అంతే. అయినా అందులో ఒక మర్యాద ఉంది. తాగిన అరగంట, ముప్పావుగంటకు గానీ పూర్తిగా పనిలోకి దిగదు.

మీకు ఆ ఓపిక లేదు. దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడు చేరుతుంది. 108 బండికి కూడా లేదు ఆ వేగం. అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం కోసం కట్టిన గుమ్మాలను ఇంటల్లుడిలా తన్ని తెరుస్తారు. తెరిచాక ఎక్కువసేపు ఉండరు కూడా, రెండు గంటల్లో సగం పలాయనం. కానీ మీ రాకపోకలకోసమని మెదడు కొత్త గుమ్మాలు కట్టుకుంటూ పోతుంది. ఆ గుమ్మాలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు వేసే కేకలకే మేం టెన్షన్ అని పేరు పెట్టుకున్నాం. అప్పుడు మళ్లీ మీరే వచ్చి, "అయ్యో, టెన్షన్‌లో ఉన్నావా తమ్ముడూ" అని భుజం మీద చెయ్యేస్తారు. గజ్జి అంటించినవాడే గోకిపెడుతుంటే, అబ్బ ఎంత హాయి అని దండం పెట్టినట్టుంది మా భక్తి. ఆ హాయిలో ఉన్నప్పుడే నాడి పట్టి చూడండి, వేగం పెరిగే ఉంటుంది.

నేను రోజుకి పది. ఒక్కోదానికి పది దమ్ములనుకున్నా, దమ్ము లాగితే హాయి అని రోజుకి వంద పాఠాలు. నా మెదడుకి ఏ ట్యూషన్ మాస్టారూ అంత శ్రద్ధగా చెప్పలేదు. మా కాలంలో మీ పద్ధతిలో లెక్కలు చెప్పి ఉంటే నేను ఐఐటీలో ఉండేవాణ్ని.

అప్పుల భాషలో చెప్పాలంటే కాఫీ పక్కింటివాళ్ల దగ్గర తెచ్చుకున్న చేబదులు. మీరు, 2015లో బెజవాడలో బయటపడిందే, ఆ కాల్ మనీ. అసలు తీరదు, వడ్డీకి మాత్రం రెండు గంటలకోసారి మనుషులొస్తారు.

కాఫీని మరీ ఆకాశానికెత్తుతున్నానని అలగకండి. ఆవిడ సంగతీ తెలుసు. మా అమ్మ ఉపవాసాలకు ఒక ధర్మశాస్త్రం ఉండేది, కాఫీ ఆహారం కిందికి రాదని. ఒక్క శివరాత్రికి మాత్రం పంతం పట్టి అదీ మానేసింది. సాయంత్రానికి నుదుటికి చీరకొంగు బిగించి, అమృతాంజనం పట్టించి, గోడకి ఆనుకుని కూర్చుంది. ఆకలి తలనొప్పి అన్నారంతా. కాఫీ మానిన 12 గంటలు దాటితే మొదలయ్యే తలనొప్పి అది. కెఫీన్ బిగించి ఉంచిన మెదడు రక్తనాళాలు వదులవుతాయి. మర్నాడు పారణ చేస్తూ గ్లాసెడు కాఫీ పడగానే అరగంటలో తేలిపోయింది, పుణ్యం శివుడి ఖాతాలో పడింది. అంటే కాఫీ కూడా వడ్డీ పట్టుకునే మనిషే. కాకపోతే వారం పదిరోజులు ఓర్చుకుంటే ఖాతా మూసేస్తుంది. మీ మనుషులు 43వ రోజున కూడా భోజనం అవగానే కిటికీలోంచి తొంగిచూస్తున్నారు.

పుట్టుకలో మీరిద్దరూ ఒకటే వృత్తివాళ్లు. తమను తినడానికి వచ్చిన పురుగుల్ని చంపడానికి మొక్కలు తయారుచేసుకున్న విషాలు మీరు. మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లెటూరు. మీ ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల వాసనలో పెరిగినవాణ్ని. మంచుకి తడిసిన ఆకు కోసిన పొద్దున, కూలికొచ్చిన ఆడవాళ్లు తల తిరుగుతోందని గట్టు మీద కూలబడేవాళ్లు. ఒకామె చింతచెట్టు కింద వాంతి చేసుకుంటుంటే, ఎవరిదో దిష్టి తగిలిందని మా నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. దిష్టి మీదే. తడి ఆకు మీది నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుంది. ఇవాళ ప్రకృతి సేద్యం రైతులు పురుగుల కోసం అగ్నిఅస్త్రం అనే కషాయం కాచేటప్పుడు గోమూత్రంలో వేపాకు, మిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు దంచి వేస్తారు. పత్తి చేలో కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కూడా మీ పోలికలతో తయారైనదే. అంటే చేలో పురుగుకి కొట్టిందే, ఊళ్లోకొచ్చాక మగాడు స్టయిలుగా పీల్చాడు.

మా నాన్న నలభై ఏళ్లు మిమ్మల్ని పండించాడు. ఒక్క దమ్ము కొట్టలేదు. "పండించేది అమ్ముకోడానికిరా, తగలేసుకోడానికి కాదు" అనేవాడు. సర్కారు వారి వేదాంతమూ అదే. ఆరోగ్య శాఖ 2016 ఏప్రిల్ నుంచి మీ ప్యాకెట్ మీద 85 శాతం మేర కుళ్లిన గొంతు బొమ్మలు వేయిస్తుంది. వాణిజ్య శాఖ 1976లో గుంటూరులో పెట్టిన పొగాకు బోర్డేమో మీ ఆకుకు వేలం జరిపిస్తుంది. కొడుకు పెళ్లికి తండ్రి పత్రికలు పంచుతుంటే, తల్లి ఆ సంబంధం వద్దని గోడలకు పోస్టర్లు అంటించినట్టు.

అదే కాఫీని చూడండి. పెళ్లిచూపుల్లో ట్రే మీద వస్తుంది. పూజ గదిలోంచి నేరుగా వంటింట్లోకి వెళ్లి తాగొచ్చు. మీ సహాయంతో ఏ సంబంధమూ కుదరదు. నాన్న దూరంగా కనబడితే మిమ్మల్ని గుప్పిట్లో దాచుకుని అరచెయ్యి కాల్చుకున్న మచ్చ నాకింకా ఉంది. దేశంలో పొగాకు వల్ల ఏటా 13 లక్షలకు పైగా చనిపోతున్నారని లెక్క. కాఫీ మీద అలాంటి లెక్క ఎవరూ కట్టలేదు. పెద్దవాళ్లకు రోజుకి 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా ఫరవాలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పింది. గర్భిణులకు అందులో సగమే.

మీరీపాటికి అంటారు, "చంపేది నా పొగ గానీ నికోటిన్ కాదుగా" అని. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడిదీ అదే వాదం. పెదవి కింద చిన్న తెల్ల నికోటిన్ సంచీ ఒకటి ఇరికించుకుని వీడియో కాల్‌లో మాట్లాడతాడు. "పొగ లేదు మావయ్యా, క్లీన్" అంటాడు. నిజమే, ఊపిరితిత్తుల వరకు. అయితే ఆ రోజు సంచీల డబ్బా ఎక్కడ పెట్టాడో కనపడక, మాట్లాడుతూ మాట్లాడుతూనే సోఫా దిండ్లన్నీ తిరగేశాడు. ఆ వెతుకులాట నాకు బాగా తెలుసు. వాన పడుతున్న రాత్రి పదకొండింటికి కింగ్ సిగరెట్టు కోసం నాలుగు వీధులు తిరిగిన పాదాలివి.

ఒక్క విషయంలో మాత్రం మీ లోటు తీరలేదు. ఆఫీసులో ఎవరి ప్రమోషన్ ఆగింది, ఎవరు రాజీనామా పెట్టబోతున్నారు అన్న కబుర్లన్నీ మీ చుట్టూనే తిరిగేవి. ఉత్త టీ గ్లాసుతో వెళ్లి నిలబడితే పెళ్లికి పిలవకుండా వచ్చినవాడిలా చూస్తున్నారు. నాకిప్పుడు వార్తలన్నీ మెయిల్లో, అందరితో పాటే తెలుస్తున్నాయి.

నా కాఫీ, టీలు కలిపి రోజుకి రెండుకి దించాను, సాయంత్రం నాలుగు దాటాక టీ ముట్టడం లేదు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టే పని తప్పింది.

ఇట్లు,
మీ మాజీ

తా.క.: నిన్న టీ కొట్టు బాబాయి అలవాటుగా గ్లాసు పక్కన మిమ్మల్ని కూడా పెట్టాడు. పైన దారానికి కట్టిన లైటరు ఊగుతోంది. వెనక్కి ఇచ్చేశాను. ఆయన ఏమీ అనకుండా అట్ట చిరిగిన ఖాతా పుస్తకం తీసి నా పేజీ చూపించాడు. టీలు పద్నాలుగు, మీరు ముప్పై ఒకటి. 43 రోజుల కిందటి బాకీ. మొత్తం కట్టేశాను. పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, కింద కొత్తగా "టీ - 1" అని రాశాడు.