సవరణ: వరిగడ్డి పుట్టగొడుగు పోస్ట్ గురించి

మొన్న పెట్టిన పోస్ట్‌లో "కాడ మొదట్లో సంచి ఉంటే వరిగడ్డి పుట్టగొడుగు" అన్నది మన ఊళ్ళో గడ్డివాముల దగ్గర మొలిచేవాటి గురించి మాత్రమే, అది చూసి కాలిఫోర్నియాలో ఓక్, పైన్ కలిసున్న అడవుల్లో ఏరిన వాటి ఫోటోలు పంపుతున్నారు, దయచేసి అవి వండకండి. అక్కడ ఓక్ చెట్ల కింద డెత్ క్యాప్ అనే ప్రాణాలు తీసే విషపు పుట్టగొడుగు మొలుస్తుంది, దానికీ అదే సంచి ఉంటుంది, చిన్నప్పుడు గుడ్డులా ఉంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

విచ్చుకున్నదైతే గొడుగు కోసి సగం నలుపు సగం తెలుపు కాగితం మీద బోర్లించి రాత్రంతా గ్లాసు మూసి ఉంచండి. వరిగడ్డిదైతే గులాబీ రంగు పొడి రాలుతుంది, డెత్ క్యాప్‌ది తెల్లగా ఉంటుంది, అది తెల్ల కాగితం మీద కనిపించదు కాబట్టే నలుపు. గులాబీ వచ్చినంత మాత్రాన తినొచ్చని కాదు, ఇంకా వేరే విషపువి ఉన్నాయి. గుడ్డు దశలో పొడే రాలదు, అసలు తీయకండి.

ఉడికిస్తే విషం పోతుందని ఒకరు కామెంట్ పెట్టారు, పోదు అండి. వాంతులు కూడా 6 నుంచి 12 గంటల తర్వాత గానీ మొదలవ్వవు, మధ్యలో తగ్గినట్టే ఉండి లివర్ దెబ్బతింటుంది, తిన్నామని డౌట్ వస్తే వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి, మిగిలిన ముక్క కూడా పట్టుకెళ్ళండి.